మెరుపు మా ఇంట, ఉరుము పక్కింట

ఒక శనివారం నా పరువు ఎలా గంగలో కలిసిందో చెబుతాను, నవ్వుకోండి. నవ్వినందుకు డబ్బులేమీ అడగను. అప్పటికి నాకు అరవై నాలుగేళ్ళు. వయసు పొగరు మరి!

ప్రతి శనివారం సాయంత్రం టీవీలో ఒక నవ్వుల కార్యక్రమం వచ్చేది. విడవలూరు దాటి మా తీరంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళందరికీ అదంటే ప్రాణం. నాకు మాత్రం గిట్టదని వీధంతా చాటాను.

"మగాళ్ళు చీరలు కట్టి ఎగరతా ఉంటే మీరు పళ్ళికిలిస్తారా? సిగ్గుండొద్దా మే?"

మూడో తరగతి చదువుకు ఆ విమర్శ ఎక్కువే. దాంతో అందరూ పక్కింటి రమణమ్మ దగ్గర చేరి, నన్ను పిలవడం మానేశారు. మా ఆయన పోయాక ఇంట్లో నోరు విప్పేది కుక్కరొక్కటే. అదీ మూడు కూతలు.

ఏం చేయను? తలుపు గడియ పెట్టి, టీవీ గొంతు నొక్కేసి, బొమ్మ మాత్రం చూసేదాన్ని. మాటలు గోడ అవతలి రమణమ్మ టీవీ నుంచి ఊరికే వచ్చేవి. ఊరికే వచ్చేదాన్ని వదులుకునే వంశం కాదు మాది. బయట తిట్ల మోత, ఇంట్లో నవ్వుల మోత! అదీ నోట్లో కొంగు కుక్కుకుని.

చిక్కల్లా ఒక్కటే. నాది డిష్షు, వాళ్ళది కేబులు. బొమ్మ నా ఇంట్లో ముందొచ్చేది, మాట వాళ్ళింట్లో వెనకొచ్చేది, మెరుపూ ఉరుమూ లాగా.

ఆ శనివారం టీవీలో మామగారు కూర్చోబోతే అల్లుడు పీట లాగేశాడు. నా నోట్లోంచి కొంగు జారింది. పడవ ఇంజను అందుకున్నట్టు నవ్వాను. గోడ అవతల నిశ్శబ్దం. రెండు గుటకలు మింగేంతలో వాళ్ళూ నవ్వారు. మళ్ళీ ముందు నేను, వెనక వాళ్ళు.

తలుపు దబదబా మోగింది. తీస్తే రమణమ్మ, వెనక ఆరుగురు.

"నవ్వినావా పెద్దమ్మా?"

"దగ్గు మే."

"అల్లుడు పీట లాగతాడని నీ దగ్గుకు ముందే ఎవురు చెప్పినారు?"

నా వెనక మూగ టీవీలో మామగారు ఇంకా నడుం పట్టుకునే ఉన్నాడు. అందరూ చూశారు.

"ఇన్నాళ్ళూ ఒంటిగా నవ్వుకుంటా ఉండావా?" రమణమ్మ ఈసారి నవ్వలేదు.

నేను గడప వంక చూశాను.

"రా పెద్దమ్మా, మా పక్కన కూర్చో. నువ్వు ముందే నవ్వేస్తే మాకు ఆట చెడిపోతా ఉంది."

వెంటనే వెళ్ళానా? టీవీ, లైటు, ఫ్యాను ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు వెళ్ళాను.

గంగమ్మ తల్లి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఒంటరిగా నవ్వను. కరెంటు దండగ.