చుట్టు దారిన ముందొచ్చే అల

మంగళవారం పొద్దున మా భూగర్భశాస్త్రం సారు పోయారని ప్రొద్దుటూరు నుంచి కబురు వచ్చింది. చెప్పిన మిత్రుడు కళ్లు తుడుచుకుంటూ, "క్లాసుకు ఎప్పుడూ ముందే వచ్చేవాడు, దీనికీ తొందరే" అన్నాడు. ఇద్దరం నవ్వేశాం. మీలో చాలామంది ఆయనను ఎరగరు. ఎరిగి ఉంటే మీరూ నవ్వేవారు.

ఎవరింటికి వెళ్లినా గోడను, గడపబండను వేలితో తట్టి చూసేవారు. "బండ మాట్లాడుతుంది, వినే ఓపిక మనకే లేదు" అనేవారు.

భూకంపపు అలలను ఆయన బస్సులతో చెప్పారు. "జమ్మలమడుగులో రెండు బస్సులు పులివెందులకు బయలుదేరినాయి. ఒకటి దగ్గరి దారే, అంతా గుంతలు. ఇంకొకటి చుట్టు తిరిగి మంచి రోడ్డెక్కింది. ఏది ముందు చేరుతుంది?"

"చుట్టు తిరిగింది సార్!"

"అంతే. శానా దూరం పోవాల్సిన అల లోతుకు దిగి, గట్టి రాతిలో పరుగెత్తి, మళ్లీ పైకొస్తుంది. పైపొరల్లో నేరుగా వచ్చేది వెనకబడుతుంది."

"బస్సు పంక్చరైతే సార్?"

"నువ్వు దిగి తొయ్యి!"

పోయిన ఎండాకాలం నాపరాతి గనులు చూపిస్తానని మమ్మల్ని జమ్మలమడుగు దగ్గరున్న మా ఊరికే తీసుకొచ్చారు. ఎన్నికల ముందు రోజులు. మా పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకో పార్టీ. మా ఇంట్లో ఆయన మజ్జిగ తాగుతుండగా నేల అదిరింది.

"కిందోళ్లు బాంబేసినారు!" అని కేక. నేల అదిరితే మా ఊళ్లో ఎవరికైనా ముందు తోచేది అదే. కాసేపటికే మా నాయనతో సహా పాతికమంది వేటకొడవళ్లతో వీధి చివర చేరారు. కిందివీధి వాళ్లూ అట్లాగే ఎదురొచ్చారు. మా అమ్మ వాకిట్లో కూలబడింది.

సారు మజ్జిగ గ్లాసుతోనే వాళ్ల మధ్యకు నడిచారు.

"పక్కకు పోండి సారూ, మా మీద బాంబేసినారు" అన్నాడు నాయన.

"యాడ పడిందప్పా? పొగ యాడుంది?"

నాయన చుట్టూ చూశాడు.

"వేసింది మీరు గదా! మా గిన్నెలన్నీ దొర్లినాయి" అని కిందివీధి పెద్దామె అరిచింది.

"అక్కా, ఒక్క దెబ్బేనా, రెండుసార్లు అదిరిందా?"

"ముందు టకటకమన్యాయి. అవి సర్దుకోని, గడప దాటి బయటికొచ్చినాక నేల ఊగింది."

సారు కేకేసి మా అమ్మనూ అడిగితే అదే చెప్పింది.

"బాంబయితే ఒక్కటే దెబ్బ" అన్నారు సారు. "భూకంపానికి రెండు రకాల అలలు. ఉరికే అల ముందొచ్చి, ఊపే అల ఇంతసేపటికి వచ్చిందంటే ఇది యాడో దూరాన పుట్టిన భూకంపం."

"మరి మాకే ఎక్కువ ఊగిందేంది?" అంది కిందివీధి పెద్దామె.

"వాళ్లది బండనేల, మీది నల్లరేగడి. మెత్తటి మన్నులో అల నిదానమై పెద్దదవుతుంది."

కిందివీధి మనిషి ఒకడు నాయన వైపు తిరిగాడు. "ఇన్యావా మామా? మీకు సరిగ్గా ఊగనే లేదు, అప్పుడే కొడవలెత్తుకున్యారు!"

ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. నాయన కొడవలిని తువ్వాలులో చుట్టేశాడు. దూరాన భూకంపమని సాయంత్రం రేడియో కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక చూస్తే సారు గ్లాసులో మజ్జిగ సగమే ఉంది. "ఒలికింది భూకంపానికి కాదులే, నా చెయ్యి వణికింది" అన్నారు. మా నాయన ఈరోజు నా పక్కన ఉన్నాడంటే ఆ వణికిన చేతి చలవే.

బుధవారం నాయనతో ప్రొద్దుటూరు వెళ్లాను. మా ఊరివాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. సారు ఇంటి మెట్ల ముందు నల్లరేగడి అంటిన చెప్పులు, నాపరాతి దుమ్ము పట్టిన చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. బయటికొచ్చిన ఒక్కొక్కరూ తమ జత కోసం చాలాసేపు వెతుక్కున్నారు.