రెక్కల గుర్రం పంటెక్కిన మధ్యాహ్నం

పిల్లల కోసం మాయలూ మంత్రాల కథలు రాస్తుంటాను. "రాక్షసుల్ని మీరెక్కడ చూశారండీ?" అని ఎవరైనా పిల్లలు అడిగితే, తణుకు బస్టాండులో అంటాను. సగం మంది నమ్ముతారు. ఈ ధైర్యం మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, పెట్టిన భిక్ష.

తొంభైల్లో మాట. వారపత్రికలో వచ్చే పిల్లల సీరియల్ కాగితాలు మామ్మ ప్రతివారం చింపి దాచేది. ముందే చదివేస్తే రుచి పోతుందట. కథంతా అయ్యాక దబ్బనంతో కుట్టి, అప్పుడు ఏకబిగిన చదివేది. ఆ ఏడాది కుట్టడం అయిందో లేదో, కంట్లో శుక్లాలకి ఆపరేషన్ చేశారు. నెల్లాళ్ళు చదవకూడదన్నారు డాక్టరుగారు.

చదివి వినిపించే పని నాకొచ్చింది. పదో తరగతి అక్కకి కాదు, నాకు! రోజూ మధ్యాహ్నం మామ్మ మంచం మీద, ఆవిడ పక్కనే కూర్చునేదాన్ని. ఇల్లంతా నాది అయిపోయినట్టుండేది.

"పుస్తకం గడప దాటిందంటే రేపట్నించి అక్క చదువుతుంది" అని ముందే చెప్పింది మామ్మ. నేను దాటించాను. స్నేహితురాలికి గొప్పగా చూపించి వస్తూ కాలువ రేవులో కాళ్ళు కడుక్కుంటుంటే, చంకలోంచి పుస్తకం జారింది. పట్టుకున్నాను గానీ, దారం ఊడిన చివరి కాగితాలు నీళ్ళపాలయ్యాయి. ఆ ఏడు మా కాలువలో కొరమీనులన్నిటికీ ముగింపు తెలుసు. నాకే తెలీదు.

మర్నాడు ఉన్న కాగితాలు అయిపోయాయి. రాజకుమారుడు మహానది ఒడ్డున ఆగిపోయాడు. అవతల రాక్షసుడి కోట. నేను ఖాళీ అట్ట కేసి చూస్తూ చదవడం మొదలెట్టాను.

"రాజకుమారుడు రెక్కల గుర్రంతో సహా పంటెక్కాడు..."

నాకు తెలిసిన మహానది నరసాపురం దగ్గర గోదావరే. దాన్ని దాటాలంటే బళ్ళనీ మనుషుల్నీ అవతలి ఒడ్డుకి చేర్చే పంటు ఎక్కాల్సిందే.

"ఏమే, రెక్కల గుర్రం ఉన్నవాడికి పంటెందుకే?" అంది మామ్మ.

గుమ్మంలో అక్క పకపకా నవ్వింది. "కల్పించేస్తోంది మామ్మా! రేపట్నించి నేను చదువుతాలే."

మామ్మ కట్టున్న కన్ను అక్క వైపు తిప్పింది.

"నువ్వుండవే. గుర్రానికి రెక్క విరిగుంటుంది. అవునా?"

"అవును మామ్మా. ఎడం రెక్క."

"మరి కట్టు కట్టారా?"

"పచ్చగుడ్డతో. అచ్చం నీకు కట్టినట్టే."

మామ్మ నవ్వాపుకోలేక మంచం పట్టె పట్టుకుంది. అప్పుడిక ఏడుస్తూ కాలువ సంగతి చెప్పేశాను.

"గడప దాటించినందుకు వారం రోజులు పెరట్లో గిన్నెలు నువ్వే తోము. తోమి తిన్నగా ఇక్కడికి రా. గుర్రాన్ని పంటు మీద వదిలేసి ఎక్కడికి పోతావ్?"

నెల తిరిగేసరికి మామ్మకి కళ్ళజోడొచ్చింది. "ఇంకా మసగ్గానే ఉందే, నువ్వే చెప్పు" అనేది. అంటూనే ఒళ్ళో చేట పెట్టుకుని, బియ్యంలో ఆవగింజంత మట్టిబెడ్డని కూడా ఏరి పారేసేది. నేనది చూసీ చూడనట్టు, గుర్రం రెండో రెక్క కూడా విరగ్గొట్టి కథ పొడిగించాను.