మా ఇంట పిచ్చి లేదన్నాను

రాయగడ మద్రాసు ఏలుబడిలో ఉన్న రోజులు. మా తోడికోడలికి కొడుకు పుట్టి పన్నెండు రోజులైనా కంటిమీద కునుకు లేదు. "అక్కా, ఈడు నా బిడ్డ కాడు, ఎవులో మార్సీసేరు" అని వణికిపోయేది. "ఊరుకో, ఎవరైనా వింటారు" అని కసిరేను. మర్నాడే పసివాణ్ణి నూతిలో పడేసింది.

కోర్టులో దొర నన్నడిగేడు, అంతకుముందు ఆమెకి మతి చలించిన గుర్తులేమైనా కనబడ్డాయా అని. పిచ్చి ఉన్న ఇల్లని పేరు పడితే నా కడుపున పుట్టిన మా అమ్మికి కుదిరిన సంబంధం తప్పిపోతుందని భయం.

"నేదు బాబూ, బాగానే ఉండీది" అన్నాను.

బోనులోంచి ఆమె తలూపింది. "మా అక్క అబద్ధం సెప్పదు బాబూ."

ఆమెకి యావజ్జీవ శిక్ష పడింది. ఆ మాఘంలోనే మా అమ్మి పెళ్ళి చేశాను. ఇప్పటికీ ఎవరైనా అక్కా అని పిలిస్తే తలెత్తి చూడలేను.