టైట్‌గా వేసిన కట్టు

టైట్ అనే మాటను ఈ మధ్య మా వైపు ఎక్కడ పడితే అక్కడ వాడుతున్నారు. చీర కుచ్చిళ్ళు టైట్, కుళాయి టైట్, మేస్త్రీ సందు లేకుండా బండలు పరిస్తే అదీ టైటే. మా చిన్నప్పుడు బిర్రు అనేవాళ్ళం. మాట మారినందుకు నాకు బాధ లేదు. టైట్‌గా ఉంటే చాలు, అది మంచిదే అనుకుని జనం నొప్పిని పక్కన పెట్టేస్తారే, దానికి నాకు ఒళ్ళు మండుతుంది.

తాండూరులో ఉండే మా చెల్లెలు సోమవారం వాకిట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ సాయంత్రమే సిమెంటు కట్టు వేశారు. బుధవారం పొద్దున వికారాబాదు నుంచి ఫోన్ చేశాను.

"ఎట్లుందే?"

"మంచిగుందక్కా. మస్తు టైట్‌గ ఏసిండు." గొప్పగా చెప్పింది.

"వేళ్ళు కదుల్తున్నయా?"

"మొద్దుబారినయి. కొత్త గాజులేసుకున్ననాడు గిట్లనే ఉంటది గదక్కా. అదే తగ్గుతది."

మా ఇళ్ళలో గాజులు అట్లాగే వేయించుకుంటాం. కందిచేలో పని చేసే చేతికి వదులు గాజు పనికిరాదు, కొమ్మకు తగిలి పగులుతుంది. గాజులామె సబ్బు రాసి, బొటనవేలి ఎముకను నొక్కి, ఎంత చిన్న గాజు ఎక్కిస్తే అంత పనిమంతురాలు. కళ్ళలో నీళ్ళు తిరిగినా చెయ్యి వెనక్కి లాక్కోకూడదు. ఆ ఓర్పునే మా చెల్లెలు ఆస్పత్రికి కూడా తీసుకుపోయింది.

దొరికిన రైలెక్కి పోయాను. వేళ్ళు ఉబ్బి నీలంగా మారాయి. "నొప్పి అని ఒక్కమాట అనలే పెద్దత్తమ్మా," అంది ఆమె కోడలు. ముగ్గురం ఆటోలో కట్టు వేసిన చోటికి పోయాం.

"ఇదేం కట్టయ్యా? చెయ్యి చచ్చిపోతున్నది!" అన్నాను కట్టు వేసినతనితో.

"వదులుగ ఏస్తే సరిగ ఎయ్యలేదని మీరే లొల్లి వెడ్తరు గదమ్మా. ఈ అవ్వనే జర టైట్‌గ ఎయ్యిమన్నది."

చెల్లెలి వైపు చూశాను. తల దించుకుంది. "ఎముక మంచిగ అతుకుతదని..."

"ఆమె చెప్తే ఏసినవా? పని తెలిసింది ఆమెకా, నీకా?"

నా గొంతుకు వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. చూడనీ. డాక్టరు బయటికి వచ్చి, మిషనుతో కట్టును నిలువునా కోయించాడు. కాసేపటికి వేళ్ళకు రంగు తిరిగింది. చిటికెన వేలి సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె చేతిని దిండు మీద పెట్టి, చిటికెన వేలు పట్టుకున్నాను.

"తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నదక్కా," అంది, నా చేతి వైపే చూస్తూ.

నాకు మళ్ళీ కోపం లేచింది. "కండ్లు మూసుకో."

మూసుకుంది. ఆ వేలునే ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

కాసేపు ఓపిక పట్టి, "పట్టుకో అక్కా, ఎందుకాగినవ్?" అంది.