వదిన మింగిన కాఫీ

మా వదిన కాఫీ ఉమ్మేసి బతికే మనిషి. తిట్టు కాదు, ఆవిడ ఉద్యోగమే అది. గింజలు వేయించి పొడి కొట్టి అమ్మే కంపెనీలో రుచి చూసే గది ఒకటుంది. అక్కడ పొడవాటి బల్ల మీద వరసగా తెల్ల గిన్నెలు పెడతారు. వదిన ఒక్కో గిన్నెలోంచి చెంచాతో తీసుకుని, వీధి చివరికి వినపడేలా జుర్రుమని పీల్చి, నోట్లో ఓసారి తిప్పి, పక్కనున్న స్టీలు గ్లాసులో ఉమ్మేస్తుంది. "రెండో గిన్నెలో గోనెసంచి వాసన," అందంటే ఆ సరుకు వచ్చిన లారీలోనే వెనక్కి పోతుంది. రోజుకి నలభై గిన్నెలు చూస్తుంది, గుక్కెడు మింగదు. మింగితే పదో గిన్నెకే గుండె దడదడలాడుతుందట. తొమ్మిదేళ్లుగా అదే పని, అక్కడ ఆవిడ పేరే నాలుకమ్మ.

నాలుకమ్మకి టీ అంటే చిన్నచూపు. మేమేమో ఇంటిల్లిపాదీ టీ మనుషులం. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ పెట్టిన టీ తాగి, "బాగుందత్తయ్యా, వేడిగా ఉంది," అంది. నా దగ్గర మాత్రం దాని పేరు రంగునీళ్లు. అమ్మ దృష్టిలో కాఫీ ఒక మందు, అది కూడా ఏ రోగానికీ పనికిరాని మందు. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చునే నాకు ఈ ఇద్దరివల్లా కాలక్షేపానికి ఎన్నడూ లోటు లేదు.

పాప పుట్టిన రోజే అమ్మ కాఫీ డబ్బాని అటకెక్కించింది.

"పాలిచ్చినన్నాళ్లూ దాని మాటెత్తకు అమ్మాయ్. నువ్వు తాగిందే అదీ తాగుతుంది."

కాఫీ లేని లోటు తెలియకుండా అమ్మ టీ ఇవ్వడం మొదలుపెట్టింది. పాలిచ్చే తల్లి వేడివేడిగా ఏదో ఒకటి తాగుతూ ఉండాలని అమ్మ సిద్ధాంతం. మొదట్లో రెండు గ్లాసులే. మూడు నెలల సెలవు అయిపోయి వదిన పనిలోకి వెళ్లాక, కోడలు బొత్తిగా నీరసించిపోతోందని పొద్దున రెండు, సాయంత్రం రెండు, చేతికి ఒక ఫ్లాస్కు. కాఫీ కంపెనీకి టీ పట్టుకెళ్లే మనిషి మా వదిన ఒక్కతే. పరువు పోతుందని దాన్ని డబ్బాల వెనక దాచుకునేదట. ప్రేమగా ఇస్తే కాదనలేదు, పైగా రంగునీళ్లే కదా అని తాగేసేది. ఇంట్లో గ్లాసులు అందించింది నేనే కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

వారం తిరిగేసరికి చంటిదానికి నిద్ర కరువైంది. పాలు తాగాక కునుకు తీయాల్సిన పిల్ల కళ్లు పత్తికాయల్లా చేసుకుని మా అందరినీ మార్చిమార్చి చూసేది. పది నిమిషాలు పడుకుంటే ఉలిక్కిపడి లేచి గుక్కపట్టేది. ఎత్తుకుని తిప్పలేక మా ముగ్గురి నడుములూ పడిపోయాయి.

"పనిలోకి వెళ్లినప్పటి నుంచే ఈ గొడవ," అంది అమ్మ. "నోట్లో పోసుకున్నది ఒంట్లోకి పోకుండా ఉంటుందా? ఉద్యోగమైనా మానెయ్, పాలైనా మానిపించు."

అన్నయ్య ఇద్దరి మాటకీ తలూపి బయటపడ్డాడు. వదినకి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. పాపని గట్టిగా పట్టుకుని నా మిషను పక్కన కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు, నాకు చాలా బాధేసింది. మర్నాడు రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకుంది.

"ఇచ్చేముందు డాక్టరమ్మకి ఒకసారి చూపిద్దాం వదినా," అన్నాను. అమ్మ కూడా బయల్దేరింది, సాక్ష్యం చెప్పడానికి.

డాక్టరమ్మ పాపని తూచి, ఒళ్లంతా పరీక్షించి, పిల్ల బాగానే ఉందంది. తర్వాత వదిన వైపు తిరిగి, "మీరేం తాగుతున్నారు?" అని అడిగింది.

"రోజుకి నలభై గిన్నెల కాఫీ," అంది అమ్మ, వదిన నోరు తెరిచేలోపే.

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఉమ్మేసే ఉద్యోగం సంగతి వదిన వివరంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

"మింగనిది పెద్దగా లెక్కలోకి రాదు. మింగేది చెప్పండి."

"కాఫీ చుక్క కూడా లేదండీ, నేను ముట్టుకోనిస్తేగా. ఒట్టి టీ ఇస్తున్నాను," అంది అమ్మ గర్వంగా.

"ఎన్ని గ్లాసులు?"

అమ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. లేవగానే ఒకటి, గుమ్మం దాటేముందు ఒకటి, ఫ్లాస్కులో నాలుగు. అక్కడికి ఒక చెయ్యి అయిపోయి రెండోది అందుకోవాల్సి వచ్చింది.

"ఎనిమిది," అంది చివరికి, గొంతు తగ్గించి. "పెద్ద గ్లాసులే. చిక్కగానే పెడతాను."

"కాఫీలో నిద్ర చెడగొట్టే కెఫీనే టీలోనూ ఉంటుందమ్మా. గ్లాసుకి కాఫీలో కంటే తక్కువే, కానీ ఎనిమిదంటే తక్కువేం కాదు. పాలల్లోకి వెళ్లేది కొంచెమే. అయితే ఇంత పసిపిల్లల ఒంట్లోంచి అది తొందరగా పోదు, పేరుకుంటుంది. నిద్ర పట్టకపోవడానికి అదే కారణం కావచ్చు."

వదిన నాలుక కరుచుకుంది. ఏ కొండమీద కాసిన గింజో చెప్పగల నాలుక అది. "టీలో ఉంటుందని నాకు తెలుసు," అంది నెమ్మదిగా. "టీని నేనెప్పుడూ లెక్కలో వేసుకోలేదు." చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ ఫ్లాస్కు అప్పుడు కూడా అమ్మ ఒళ్లోనే ఉంది.

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "అన్నీ మానక్కర్లేదు. కాఫీ అయినా టీ అయినా, రెండూ కలిపి రోజుకి రెండు చిన్న కప్పులు చాలు. కూల్‌డ్రింకులూ చాక్లెట్లూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పాలిచ్చిన వెంటనే తాగండి, మళ్లీ పాపకి ఆకలేసేలోపు కొంత తగ్గుతుంది. రెండు వారాలు చూడండి, అప్పటికీ ఇలాగే ఉంటే తీసుకురండి. పాలూ మానొద్దు, ఉద్యోగమూ మానొద్దు."

"రెండూ మానక్కర్లేదా?" వదిన మళ్లీ అడిగి చెప్పించుకుంది.

ఇంటికి రాగానే అమ్మ, "ఆ కాగితం ఇలా ఇవ్వు," అని రాజీనామా పత్రం తీసుకుని, దాని వెనక 'పాలిచ్చాక పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి' అని పెద్దక్షరాలతో రాసి వంటింటి గోడకి అంటించింది. ఫ్లాస్కులో ఆ రోజు నుంచి మంచినీళ్లే.

పదో రోజు మధ్యాహ్నం పాప రెండు గంటలు పడుకుంది. అలవాటు తప్పిన అమ్మా నేనూ మార్చిమార్చి వెళ్లి ఊపిరి చూసి వచ్చాం.

ఆ సాయంత్రం అమ్మ అటక మీంచి కాఫీ డబ్బా దింపింది. జీవితంలో మొదటిసారి కాఫీ పెట్టింది. ఆవిడకి తెలిసిన పద్ధతి ఒక్కటే కనుక పాలూ పొడీ పంచదారా కలిపి, టీ కాచినట్టే పావుగంట మరగబెట్టి వడగట్టింది. వదిన నలభై గిన్నెలు ఉమ్మేసి వచ్చి, పాపకి పాలిచ్చి కూర్చుంది. అమ్మ ఆ కప్పు తెచ్చి ముందు పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేను మిషను ఆపాను.

వదిన అలవాటు కొద్దీ జుర్రుమని పీల్చింది. నోట్లో ఓసారి తిప్పింది. ఆవిడ ముఖం చూసి నేను చెంబుకోసం వెతికాను.

"ఎలా ఉంది?" అంది అమ్మ.

వదిన గుటక వేసింది.

"బాగుందత్తయ్యా, వేడిగా ఉంది," అంది. రోజంతా మేలైన కాఫీలన్నీ ఉమ్మేసి వచ్చిన మనిషి, ఆ కప్పులో అడుగున చేరిన మడ్డి కూడా మిగల్చకుండా తాగింది.