మూడో సీసా రాలేదు

ఆసుపత్రి సెల్లారులో, పెద్ద ల్యాబుకు శాంపిళ్లు పంపే గదిలో ఆయన ఒక్కడే కూర్చుంటాడు. పై వార్డుల నుంచి వచ్చిన రక్తం సీసా మూత బిగుతుగా ఉందో లేదో బొటనవేలితో చూసుకుని, దూది చుట్టి, ఐసు డబ్బాలో నిలబెట్టి, "జాగ్రత్తగా వెళ్లిరా నాయనా" అంటాడు. భార్య పోయాక ఆయన నోరు విప్పేది ఎక్కువగా ఆ సీసాల దగ్గరే. ఏ సూక్ష్మజీవి దొరికిందో ల్యాబువాళ్లు నేరుగా డాక్టర్లకే చెబుతారు; ఆయన దాకా ఏ కబురూ రాదు.

ఈమధ్య ఒక చిన్నపాప రక్తం రెండుసార్లు వచ్చింది. జ్వరం ఎందుకో మొదటిసారి తేలలేదని రెండో సీసా తెచ్చిన ఆయా అంది. మూడో సీసా కూడా వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. తగ్గిందనుకోవాలా, ఇంకేమైనా అనుకోవాలా? మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేసి పిల్లల వార్డుకు మెట్లెక్కాడు. పాప పేరు చెబితే నర్సు మంచం చూపించింది. పాప కూర్చుని తల్లి జడ పట్టుకు లాగుతోంది.

"ఎవరండీ? డాక్టరుగారా?" అంది తల్లి.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "కాదమ్మా, వార్డు తప్పి వచ్చాను. పాపకెలా ఉంది?"

"సరైన మందు పడిందండీ. నిన్నటి నుంచి ఇదిగో, నా జుట్టంతా పీకేస్తోంది."

ఆయన తలూపి, గబగబా మెట్లు దిగిపోయాడు. సాయంత్రం ఇంటి తాళం తీసి, చెప్పులైనా విడవకుండా వంటింటి గుమ్మం దాకా వెళ్లి, "ఏమే, ఆ పాపకి తగ్గిపోయిందే" అన్నాడు. తర్వాత చీకట్లో తడిమి లైటు వేశాడు.