సొన్నమ్మ అడిగిన పొయ్యి

మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినాను. ఆ చదువుతోనే బెంగళూరుకు వచ్చి, చిక్కపేట సందులో పంపు స్టవ్వులు బాగుచేసే అంగడిలో చేరి, నలభై ఎనిమిదేళ్లు పొయ్యిల మధ్యనే బతికినాను. కిరసనాయిలు పోయి గ్యాస్ వచ్చింది, గ్యాస్ పక్కన కరెంటు వచ్చింది, నేను మాత్రం పక్కకు జరగలేదు. మంట రంగు చూసి జెట్టులో మురికి ఎంత చేరిందో చెప్పగలను. ఐదుగురు మెకానిక్కులు వదిలేసిపోయిన హోటలు భట్టీని ఒక పూటలో వెలిగించినాను. ఒక కల్యాణ ఛత్రంలో పెళ్లికి పద్నాలుగు బర్నర్లు నా చేత్తో బిగించి రెండు వేల మందికి వంట ఆగకుండా చూసినాను. స్టవ్వుల వ్యాపారుల సంఘం వాళ్లు నాకు శాలువా కప్పి పంపినారు, ఆ ఫోటో మా హాల్లో ఒకటి, నేను చేరిన అంగడి గోడకు ఒకటి ఉండాది. ఈ ఆవులప్ప మంచిదన్న స్టవ్వును ఇంకొకడు బాగాలేదని అనేది మేముండే కాటన్‌పేటలో నేను వినలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, సొన్నమ్మ బతుకులో నా మాటకు ఎంత బరువుండెనో చదివేవాళ్లకు ముందే తెలియాల.

సొన్నమ్మ మా ఊరామె. నా స్నేహితుడు అమరనాథ్‌కు చెల్లెలు. బాగేపల్లి పక్కన రాళ్లు కొట్టే ఎల్లయ్యకిచ్చి చేసినారు. పదకొండేళ్ల కాపురం తర్వాత క్వారీలో రాయి జారి ఎల్లయ్య పోయినాడు. పిల్లలు లేరు. అదే ఏడు కాటన్‌పేటలో అమరనాథ్ భార్య కామెర్లతో పోయి, నాలుగేళ్ల కొడుకు హేమంత్‌కుమార్ మిగిలినాడు. అన్న రమ్మన్నాడు. సొన్నమ్మ ఒక గుడ్డల మూట, సంగటి కెలికే కట్టె ఒకటి పట్టుకొని బస్సు దిగింది. అప్పుడు ఆమెకు ముప్పై. ఇప్పుడు అరవై రెండు. మధ్యలో ఉన్న ముప్పై రెండేళ్లు ఆ ఇంటి పొయ్యి ఆమెదే.

అమరనాథ్‌ది తాళ్లు, టార్పాలిన్ల అంగడి. ఇంటివాళ్లు, అంగడిలో పనివాళ్లు కలిసి రోజుకు పదిమంది తినేవాళ్లు. రెండు పూటలా రాగి సంగటే. నేను చానా ఇండ్లలో సంగటి తిన్నాను, సొన్నమ్మ చేతిది వేరే. పిండి ఉడికే చప్పుడు విని దించేది, మూత తీసి చూసేదే లేదు. వయసులో ఉండంగా గిన్నె కింద పెట్టి రెండు కాళ్లతో అదిమిపట్టి కెలికేది. మోకాళ్లు పోయినాక కింద కూర్చోలేక స్టవ్వు మీదనే మొదలుపెట్టింది. ఎడమచేత్తో పటకారు వేసి గిన్నె అంచు పట్టుకొని, కుడిచేత్తో కట్టె పట్టి, ఒళ్లు బరువంతా దాని మీద వేసి తిప్పేది. ఆ తిప్పుడుకు స్టవ్వు కాళ్లు గట్టు మీద కిర్రుమని జరిగేవి. రెండుసార్లు నేనే ఆ కాళ్లు మార్చినాను. అందుకే ఆమెకు ఎట్లాంటి పొయ్యి కావాల్నో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నాలుగేళ్ల కిందట అమరనాథ్ పోయినాడు. ఈ ఏడు అంగడి అమ్మేసి హేమంత్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లో ఫ్లాట్ తీసుకున్నాడు, ఆఫీసు దగ్గరని. మూడు రూములు. ఒకటి వాళ్లకు, ఒకటి పాపకు, ఒకటి ఇంటినుంచి పని చేసుకునేదానికి. అత్తను ఎక్కడ పెట్టేదని హేమంత్ భార్య రంజిత అడిగిందంట. హాల్లో పడుకుంటుంది, వంటమనిషిని పెట్టుకునే పని తప్పుతుంది కదా అని హేమంత్ అన్నాడంట. సరే, వంట చేసినన్ని దినాలు ఉండనీ అని రంజిత ఒప్పుకుందంట. ఇవన్నీ సొన్నమ్మ ఎదురుగానే మాట్లాడుకున్నారు. ఆమె మా ఇంటికి వచ్చి, బాధ లేకుండా, ధర చెప్పినట్ల చెప్పింది.

"పొయ్యి ఉంటే నేనుంటానన్నా. పొయ్యి పోతే నేను పోతాను."

కొత్త ఇంటికి పొయ్యి ఎంచేదానికి నన్ను పిలిచినారు. నేను పని నేర్చుకున్న చిక్కపేట అంగడే, ఇప్పుడు హరి అనే అతనిది. హేమంత్, రంజిత, సొన్నమ్మ ముగ్గురూ వచ్చినారు. నేను మూడు రకాలు చూపించి వివరంగా చెప్పినాను. గట్టు మీద కాళ్లతో నిలబడే స్టీలు స్టవ్వు ఒకటి. గ్రానైటు కోసి అందులో దించే గ్లాసు హాబ్ ఇంకొకటి, కింద గ్యాసే. మూడోది ఇండక్షన్, అదీ గట్టులో దించేదే, నల్లగా పలకలాగ ఉంటుంది, మంట ఉండదు, ఇనుము కలిసిన గిన్నె పెడితేనే వేడెక్కుతుంది. ఎవరింటికి ఏది సరిపోతుందంటే, ముందు గిన్నెలు చూడాల, వండే చెయ్యి చూడాల, ఆ తర్వాతనే అందం చూడాల. ఈ మాట నేను నలభై ఎనిమిదేళ్లుగా చెప్తా ఉండాను. ఆ దినమూ చెప్పినాను. అంగడికి వచ్చిన వేరేవాళ్లు కూడా నిలబడి విన్నారు.

సొన్నమ్మ సంచిలోంచి తన అల్యూమినియం గిన్నె, పటకారు, సంగటి కట్టె తీసింది. అంగడికి ఎవరన్నా అవి తెచ్చుకుంటారా. గ్లాసు హాబ్ మీద గిన్నె పెట్టి, కట్టె దించి, పటకారు పట్టి ఒక చుట్టు తిప్పింది. హరి పరుగెత్తుకొచ్చి గ్లాసమ్మా గ్లాసు అని పట్టుకున్నాడు.

ఇది పొయ్యా అద్దమా అని అడిగింది ఆమె. ఇది గట్టి గ్లాసు, బరువు ఓర్చుకుంటుందని నేను నచ్చచెప్పినాను. బరువు వేరే, కెలకడం వేరే అన్నది. ఇండక్షన్ పైనా గ్లాసే కదా, అదీ వద్దంది. స్టీలుది, కాళ్లుండేది చాలంది. నేను మళ్లీ చెప్పబోతే, అందరూ వింటాండగా అనింది:

"అన్నా, నువ్వు పొయ్యిలు అమ్మినావు, బాగుచేసినావు. ఒక్క దినమన్నా పొయ్యి ముందర నిలబడి కెలికినావా?"

హరి నవ్వినాడు. నిలబడినవాళ్లు నవ్వినారు. అందరికంటే ఎక్కువ రంజిత నవ్వింది. నేను పని నేర్చుకున్న అంగడిలో, నా ఫోటో గోడకున్న అంగడిలో, ఏడేళ్లు కూడా బడికి పోని మనిషి నన్ను ఆ మాటంది.

హేమంత్ నవ్వు ఆపుకొని అడిగినాడు. "పెద్దప్పా, మీరు చెప్పండి. ఏది తీసుకునేది?"

స్టీలుదే అని చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. కానీ నేను చెప్పింది ఇది:

"అరవై దాటినోళ్ల చేతికి గ్యాస్ ఇయ్యకూడదప్పా. ఏదో ఒక దినం నాబు తిప్పి మరిచిపోతారు. ఇంట్లో పాప ఉండాది. ఇండక్షన్ పెట్టుకోండి."

ముప్పై రెండేళ్లలో సొన్నమ్మ ఒక్కసారి నాబు మరిచింది లేదు. ఆ స్టవ్వు చూసుకునేవాణ్ణి నేనే కాబట్టి ఆ సంగతీ నాకే తెలుసు. ఆమె నా మొహం చూసింది. గిన్నె సంచిలో పెట్టుకుంది. రంజిత అప్పుడే ఆ పలక ముందర నిలబడి ఫోటో తీసుకుంటా ఉండింది.

ఏ గిన్నెలు పనికొస్తాయో ఎట్ల తెలుసుకునేదని రంజిత ఫోన్ చేస్తే, అయస్కాంతం పెట్టి చూడమని చెప్పింది కూడా నేనే. అతుక్కుంటే పనికొస్తుంది, లేకుంటే లేదు. ఇల్లు మారిన ఆదివారం నేను పోయేసరికి అదే జరుగుతా ఉండాది. ఫ్రిజ్జుకు అంటించే మామిడిపండు బొమ్మ అయస్కాంతం రంజిత చేతిలో ఉండింది. సొన్నమ్మ తన గిన్నెలు ఒక్కొక్కటే ఎత్తి చూపించాల. ఇత్తడి బోగిణి, కంచు గిన్నె, అల్యూమినియం తపేలాలు, అమరనాథ్ పెళ్లినాటి రాగి చెంబు, ఒక్కదానికీ బొమ్మ పట్టలేదు. పట్టనిదల్లా పాత సామాన్ల గుజిరీకి పోయే గోనెసంచిలో పడింది. చివరకు సంగటి గిన్నె మిగిలింది. దాన్ని సొన్నమ్మ ఎత్తలేదు. రంజిత అయస్కాంతం ఆమె చేతికే ఇచ్చింది.

"మీరే పెట్టి చూడండి అత్తా. మళ్లీ నేను పారేసినానంటారు."

సొన్నమ్మ పెట్టింది. బొమ్మ జారి కింద పడింది. వంగి తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది. మూడోసారి రంజితే వంగి తీసి ఫ్రిజ్జుకు అంటించేసింది, గిన్నె సంచిలో వేసింది.

తర్వాత ఆ పలకతో తంటాలు. దానికి నాబు లేదు, వేలు ఆనిస్తే వెలగాల. సొన్నమ్మ వేళ్లు ముప్పై రెండేళ్లు వేడి గిన్నెలు పట్టి తోలులాగా అయిపోయినాయి. ఆ వేళ్లు దానికి తెలియవు. తడి చేసి పెడితే కీచుమని అరిచి ఆగిపోతుంది. తుడిచి పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఒక పొద్దున ఆమె దాని ముందర నిలబడి ఒక్కో వేలూ మార్చి మార్చి, చివరకు మోచేత్తో నొక్కుతాంటే రంజిత వీడియో తీసి మా ఊరోళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ నవ్వే బొమ్మలు పెట్టినారు. నేనూ పెట్టినాను, రెండు.

ఆ వారమే సొన్నమ్మ రెండు బస్సులు మారి కాటన్‌పేటలో మా ఇంటికొచ్చింది. అన్నం మాడిందని, చారు కాగలేదని, వంటమనిషి కోసం రంజిత ఎవరెవర్నో అడుగుతా ఉండాదని చెప్పింది. వెనకవైపు బట్టలుతికే చోట చిన్న గ్యాస్ స్టవ్వు పెట్టిస్తే చాలన్నా, హేమంత్ నీ మాట దాటడు అనింది. నేను పేపరు మడిచి పక్కన పెట్టినాను. చెప్తాను గానీ, ఆ దినం అంగడిలో పదిమందిలో అన్న మాట ఉండాది కదా, దాని సంగతి ముందు తేల్చమన్నాను. నా భార్య శశికళ వంటింటి గడపలోంచి, వయసైనామెను అట్ల అడగొద్దండి అనింది. నేను వినలేదు.

సొన్నమ్మ లేచి నిలబడింది. శశికళ వైపు తిరిగి, పాఠం ఒప్పజెప్పినట్ల చెప్పింది.

"అన్నకు తెలియని పొయ్యి లేదు."

నాకు తృప్తయ్యింది. ఆదివారం వచ్చి చెప్తానన్నాను. ఆ మాట ఇచ్చినప్పుడు నిజంగా చెప్పాలనే అనుకున్నాను.

ఆ ఆదివారం హేమంత్ ఆఫీసువాళ్లు ఆరుగురు భోజనానికి వచ్చినారు. ఊరి సంగటి తినాలని వాళ్లకు కోరిక. రంజిత కొత్త స్టీలు గిన్నె ఒకటి తెచ్చింది, అయస్కాంతం పట్టేది. తనే పలక వెలిగించి, ఇంక మీరు చూసుకోండత్తా అని వచ్చి హాల్లో కూర్చుంది. హేమంత్ నన్ను అందరికీ పరిచయం చేసినాడు. బెంగళూరులో పొయ్యిల గురించి మా పెద్దప్పకు తెలియనిది లేదన్నాడు. ఒకతను తన ఇంటికి ఏ హాబ్ మంచిదని అడిగినాడు. ఇంకొకామె ఇండక్షన్‌కు కరెంటు ఎంత కాల్తుందని అడిగింది. నేను చెప్తా పోయినాను. పంపు స్టవ్వుల కాలం, పద్నాలుగు బర్నర్ల పెళ్లి, శాలువా, అన్నీ చెప్పినాను. సొన్నమ్మ వంటింట్లోంచి రెండుసార్లు తొంగిచూసింది. హేమంత్‌తో మాట్లాడినావా అని కళ్లతోనే అడిగింది. ఉండు అని చెయ్యి చూపించినాను.

లోపల పిండి ఉడికే చప్పుడు మారింది. నాకు వినబడింది. కట్టె దించే సమయం. ఆ నున్నని పలక మీద గిన్నె నిలవదు, జారకుండా ఆమె ఇంకా గట్టిగా అదమాల. నేను లేచి పోయి ఆపి ఉండవచ్చు. ఎదుటివాళ్లు నా మాట వింటా ఉండారు, నేను లేవలేదు.

పటుక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది. అందరం పోయి చూస్తే, పలక ఈ మూల నుంచి ఆ మూలకు చీలి ఉండాది. గిన్నె పక్కకు ఒరిగి, సంగటి గట్టు మీదికి కారుతా ఉండాది. సొన్నమ్మ మణికట్టు మీద వేడి పిండి పడింది. ఆమె దాన్ని తుడుచుకోలేదు, కట్టె పట్టుకొని అట్లనే నిలబడింది.

హేమంత్ ఆమె చెయ్యి చూడలేదు. పలక చూసినాడు, నన్ను చూసినాడు.

"ఈ గ్లాసు బరువు ఓర్చుకుంటుందని మీరే చెప్పింటిరి కదా పెద్దప్పా."

ఆరుగురూ నా వైపు చూసినారు. అంతసేపూ నోరు తెరుచుకొని విన్నవాళ్లు.

"గ్లాసుది తప్పేం లేదప్పా," అన్నాను. "వాడేది తెలియనోళ్లకిస్తే ఏదైనా పగుల్తుంది."

సొన్నమ్మ నన్నొకసారి చూసి హేమంత్ వైపు తిరిగింది. "అవును నాయనా. అన్నకు తెలియని పొయ్యి లేదు," అనింది.

ఎగతాళి లేదు ఆ గొంతులో. మా ఇంట్లో చెప్పినట్లనే చెప్పింది. రంజిత ఫోన్లో భోజనం తెప్పించి వచ్చినవాళ్లకు పెట్టింది. నేనూ తిన్నాను.

మూడు దినాలకు హేమంత్ ఆమెను బాగేపల్లి పక్క ఊర్లో, ఎల్లయ్య తమ్ముడి ఇంటి దగ్గర దించి వచ్చినాడు. మణికట్టుకు కట్టు ఉండింది. వాళ్లు ఇంట్లోకి రానీలేదంట. పశువుల కొట్టం పక్కన మూడు రాళ్లు పెట్టుకొని తనది తాను వండుకుంటాదంట. శశికళ పోయి చూసి వచ్చి నాకు చెప్పింది.

రంజిత వంటమనిషిని వెతికి పెట్టుకుంది. పేరు అంబిక, చేయి తిరిగిన మనిషి. వచ్చిన మొదటి దినమే, కరెంటు పొయ్యి మీద నేను చెయ్యనక్కా, గ్యాస్ ఉంటే ఉంటాను లేకుంటే పోతాను అనిందంట. మంచి వంటమనిషి దొరికేది కష్టం. హేమంత్ మళ్లీ నాకే ఫోన్ చేసినాడు. నేను హరి అంగడికి పోయి, స్టీలుది, మూడు బర్నర్లది, ఇనుప కాళ్లుండేది తీసుకొని, నేనే పోయి బిగించి వచ్చినాను. చీలిన పలక తీసిన సందును రాతి ముక్కతో మూయించి దాని మీద నిలబెట్టినాను.

అంబిక రెండు చేతులతో స్టవ్వును పట్టుకొని ఊపి చూసింది. కదల్లేదు.

"గట్టిగుండాది సార్. ఎవరు చూసి తెచ్చినారు?"

"మా పెద్దప్ప," అన్నాడు హేమంత్.

నేను అవునన్నట్ల తలూపి, నాబులు ఎటు తిప్పాల్నో ఆమెకు చూపించినాను.